వేళకు తినమన్నారు

"రోజూ ఎన్నింటికి తింటారమ్మా?" అని ఖమ్మంలో తిండి సంగతులు చూసే డాక్టరమ్మ అడిగింది. ఏ వారం సంగతి అడుగుతున్నదో ఆమెకే తెలియాలి. మాది సత్తుపల్లిలో బొగ్గు బాయి కాలనీ. మా ఆయన అక్కడ డంపర్ నడుపుతాడు. ఒక వారం పొద్దున షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. ఆయన వేళే ఇంటి వేళ, పొయ్యికీ అదే వేళ, గుమ్మం ముందు పడుకునే కుక్కకీ అదే వేళ. "బ్లాస్టింగ్ అయినంక తింట" అని చెప్పాను చివరికి. మధ్యాహ్నం గనిలో మందుగుండు పేలిస్తే మా అలమరలో గిన్నెలు గలగలమంటాయి. అప్పుడు నేను కంచం ముందేసుకుంటాను. డాక్టరమ్మ రాయబోయిన కలం పక్కన పెట్టింది.

నేను ఆమె దగ్గరికి పోయింది నా అందం కోసం కాదు. మా తమ్ముడి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. దమ్మపేట దగ్గర పామాయిల్ తోట చేసుకునే మనిషి, రోజు విడిచి రోజు ఖమ్మం వచ్చి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. కిడ్నీ ఇద్దామంటే మరదలి రక్తం కలవలేదు, నాది కలిసింది. పరీక్షలన్నీ అయ్యాక పెద్ద డాక్టరు నా ముఖం చూసి, ఆ తర్వాత నా నడుము చూసి, "ఇంత బరువు మీద మిమ్మల్ని కోయడం ప్రమాదం. పదిహేను కిలోలు తగ్గి రండమ్మా. ఆలస్యం చేయకండి, ఆయన గుండె ఎక్కువ రోజులు ఓర్చుకోదు" అన్నాడు. అంటే తమ్ముడి ప్రాణం వచ్చి నా కంచంలో పడింది. ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోని నా తిండి, ఒక్కసారిగా రెండు ఇళ్లకు సంబంధించిన వ్యవహారమైంది.

నేను ఎందుకు లావయ్యానో చెప్పాలంటే మా అత్తగారి దగ్గర మొదలుపెట్టాలి. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె నాకు పెట్టిన ఆజ్ఞ ఒక్కటే. "బాయి నుంచి వచ్చినోన్ని ఒక్కన్నే తిననియ్యకు బిడ్డా." మామగారు భూమి లోపల పనిచేసిన రోజుల నుంచీ ఆ ఇంటి పద్ధతి అది. కిందికి దిగినవాడు పైకి వచ్చాడంటే ఆ పూట పండగే, పండగనాడు ఒంటరిగా ఎవరు తింటారు? మా ఆయన పనిచేసేది నెత్తిన ఆకాశం కనిపించే గనిలో. అయినా పద్ధతి పద్ధతే. కాబట్టి నా ఆకలికి నేను ఒకసారి తినేదాన్ని, ఆయన తిరిగొచ్చినందుకు ఇంకోసారి తినేదాన్ని. కాలనీలో ఆడవాళ్లం దాదాపు అందరం ఇలాగే బలిశాం. ఎవరైనా సన్నగా కనిపిస్తే మొగుడికీ ఆమెకీ పడటం లేదేమోనని గుసగుసలాడేవాళ్లం.

డాక్టరమ్మ మొదట ఇచ్చిన సలహా ఆరుసార్లు తినమని. ఆకలి ముదరనివ్వకుండా రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం తినాలట. ఈ సలహా నాకు చాలా నచ్చింది. జన్మలో మొదటిసారి డాక్టరు నోటి నుంచి "తిను" అనే మాట విన్నాను. పొద్దున ఇడ్లీ, కాసేపటికి జామపండు, ఆ తర్వాత మరమరాలు, అట్లా గుప్పెడు గుప్పెడు తిన్నాను. ఆయన వచ్చాక ఆయనతో కూర్చుని మామూలు భోజనమూ చేశాను. ఆరు కాస్తా ఏడైంది, నెల తిరిగేసరికి బరువు పెరిగింది. పిండి కొద్దీ రొట్టె అంటారు కదా, దాన్ని ఆరు ముక్కలు చేసి తిన్నా రొట్టె రొట్టేనని నాకు తోచకపోవడం నా తెలివి.

తర్వాత పక్క క్వార్టరామె ఫోన్‌లో చూసి కొత్త మాట చెప్పింది. రోజులో ఎనిమిది గంటల్లోపలే తినెయ్యాలి, మిగతా పదహారు గంటలూ నోరు కట్టుకోవాలి. లంఖణం పరమౌషధమని మా నాయనమ్మ ఎప్పుడో అంది, దానికి ఫోన్ అక్కర్లేదు. కానీ ఏ ఎనిమిది గంటలు? రాత్రి షిఫ్టు వారం ఆయన తెల్లారి వచ్చి తింటాడు. మధ్యాహ్నం షిఫ్టు వారం అర్ధరాత్రికి దగ్గరగా వచ్చి తింటాడు. షిఫ్టు మారినప్పుడల్లా నా ఎనిమిది గంటలూ మారేవి. ఏది పగలో ఏది రాత్రో తెలియక కడుపు ఒక్కోసారి తెల్లవారుజామున కేకలు పెట్టేది, ఒక్కోసారి అన్నం ముందు పెట్టుకున్నా ముద్ద దిగేది కాదు. వారం మారే రోజుల్లో కళ్లు తిరిగి రెండుసార్లు గోడ పట్టుకున్నాను.

అది చూసి మా ఆయనే తేల్చాడు. "నేనొక్కన్నే తింట తియ్యి. నువ్వు ముంగట గదిల కూసో. చూడనీకి అమ్మ లేదు గద." చెప్పడం తేలికే. ఆయన లోపల తింటుంటే నేను ఇవతల కూర్చుని కంచం చప్పుడు వినేదాన్ని. ఆ చప్పుడు తొందరగా ఆగిపోయేది. మారు వడ్డించుకోకుండానే చెయ్యి కడుక్కునేవాడు. నెల రోజుల్లో నేను తగ్గకముందే ఆయన ప్యాంటు జారిపోవడం మొదలైంది. నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. అయినా పట్టు వదల్లేదు. ఆయన ఏ షిఫ్టుకు పోయినా సరే నేను పొద్దున తొమ్మిదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటిలోపు ఒకసారి తినాలని, మధ్యలో మజ్జిగ తప్ప ఏమీ ముట్టకూడదని నియమం పెట్టుకున్నాను. ఇది పనిచేసింది. బరువు చూసే మిషన్ మీద ముల్లు మొదటిసారి వెనక్కి జరిగింది.

జరిగింది గానీ అక్కడే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు. వైరా వల్ల.

డయాలసిస్ రోజున తమ్ముడు దమ్మపేట నుంచి బస్సులో వచ్చేవాడు, నేను సత్తుపల్లిలో అదే బస్సు ఎక్కేదాన్ని. నాలుగు గంటలు ఆ మంచం మీద పడుకుని లేచేసరికి వాడి ముఖం పిండి ఆరేసిన బట్టలా ఉండేది. తిరిగి వచ్చేటప్పుడు బస్సు దారిలో వైరా ఊళ్లో ఆగితే చాలు, లేచి దిగిపోయేవాడు. "తర్వాత బస్సుకు పోదాం దా అక్కా." చెరువు వైపు పోయే దారిలో చేపలు వేయించి అమ్మే బండి ఒకటి ఉంది. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి బొచ్చె చేప ముక్కలు తెప్పించేవాడు, అన్నం తెప్పించేవాడు. వాడు తినకూడదు. ఉప్పు కూడదు, పప్పు కూడదు, కొబ్బరినీళ్లు కూడదు, మంచినీళ్లకూ కొలతే. దాహం ఆగకపోతే చిన్న ఐసుముక్క బుగ్గన పెట్టుకుని ఎదురుగా కూర్చుని అడిగేవాడు. "ఎట్లుందే? కారం పట్టిందా? తోక ముక్కనా, నడిమి ముక్కనా?" నేను చెబుతుంటే కళ్లు మూసుకుని వినేవాడు. అప్పటికి సాయంత్రం ఐదో ఆరో అయ్యేది. నా వేళ దాటిపోయిందిరా అని ఆ ముఖం చూసి ఎట్లా అనడం? పైగా సత్తుపల్లిలో నేను దిగేటప్పుడు చేతిలో ఒక సంచి పెట్టేవాడు. తోట గట్టు మీద జీడిమామిడి చెట్ల జీడిపప్పు, మరదలు నేతిలో వేయించింది. "కిడ్నీ ఇచ్చే మనిషివి, బలం ఉండొద్దా?" అనేవాడు. పాపం, మంచిమాటే కదా అనుకునేదాన్ని.

ఈ సంగతి చెబితే డాక్టరమ్మ నెత్తి పట్టుకుంది. "వారంలో నాలుగు రోజులు వేళకు తిని మూడు రోజులు తప్పితే ఎలాగమ్మా? మీరు మీ తమ్ముణ్ణి సంతోషపెడుతున్నారు గానీ బతికించడం లేదు" అంది. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ ఎండాకాలం ఒకరోజు వైరాలో బల్ల మీద కూర్చున్నాక కంచం పక్కకు జరిపేశాను.

"తిను అక్కా," అన్నాడు.

"తినను. నాలుగు దాటింది."

"ఒక్క ముక్క."

"ఏందిరా నీ లొల్లి? నేను సన్నబడకపోతే నువ్వు సస్తవు. ఎరికేనా?"

"అవ్, ఎరికే," అన్నాడు వాడు. బుగ్గలో ఐసుముక్క అటు నుంచి ఇటు మార్చుకున్నాడు. "నువ్వు సన్నబడితే నిన్ను కోస్తరు. గది నాకొద్దు. అందుకే తినుమంటున్న."

అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది. ఇన్ని నెలలూ, అంత నీరసంలో బస్సు దిగి, ఎండలో నిలబడి, వాడు నాకు తినిపించింది నా కడుపు మీద కత్తి పడకుండా చూడటానికి. నేను ఆకలితో సాధించుకున్నదంతా వాడు చేప ముక్కలతో చెడగొట్టాడు. సూదులు గుచ్చని చేతి మీద ఒక్కటి వేశాను. "అమ్మ పోయినంక నువ్వు తినకుండ నాకు పెట్టి సాకినవ్. ఇగ నీ లోపలిది గూడ తీసుకోవాల్నా నేను?" అన్నాడు. అబద్ధం. మా ఇంట్లో తిండికి ఎప్పుడూ లోటు లేదు. నేను కడుపునిండా తిన్నాకే గిన్నె పట్టుకుని వాడి వెంట పరుగెత్తేదాన్ని. అదే చెప్పాను. "అయితే గట్లనే తిను," అన్నాడు. నేను తినలేదు. ఇద్దరం తర్వాతి బస్సెక్కాం.

ఆ రోజు నుంచి వైరాలో దిగనివ్వలేదు. బస్సు ఆగినప్పుడు వాడు కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు, నేను వాడి భుజం పట్టుకుని ఉండేదాన్ని. జీడిపప్పు సంచి మళ్లీ వాడి ఒళ్లోనే పెట్టేసేదాన్ని. తొమ్మిదింటికి ఒకసారి, నాలుగింటిలోపు ఒకసారి. పెళ్లికి పోయినా అంతే, తద్దినానికి పోయినా అంతే. ఆకలి రుచెరుగదంటారు గానీ, ఆకలికి తమ్ముడు కూడా తెలియదు. ఆ రోజుల్లో వాడు ఎలా ఉన్నాడో నేను సరిగ్గా చూడలేదు. పాదాలు ఉబ్బుతున్నాయని మరదలు ఫోన్ చేసి చెబితే, "నాకు ఇంకా మూడు కిలోలే ఉంది, జెర ఆగుమను" అన్నాను. వానలు వెనకబట్టేసరికి మిషన్ ముల్లు వాళ్లు అడిగిన చోటికి వచ్చింది. అక్కడే నిలబడి ఏడ్చాను. డాక్టరమ్మ నా భుజం తట్టింది.

పెద్ద డాక్టరు తమ్ముడికి మళ్లీ అన్ని పరీక్షలూ చేయించాడు. రిపోర్టులు చాలాసేపు చూశాడు. నా బరువు సంగతి అసలు ఎత్తలేదు. "గుండె బాగా దెబ్బతిందమ్మా. ఇప్పుడు మత్తు ఇస్తే లేవరు. డయాలసిస్ నడిచినన్నాళ్లు నడిపిద్దాం" అన్నాడు. నేను లేచి నిలబడి, ఒకసారి నన్ను చూడండి సార్, తగ్గాను సార్ అన్నాను. చీర కుచ్చిళ్లు వదులై జారుతుంటే పట్టుకుని మరీ చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తమ్ముడు నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

బస్సు వైరాలో ఆగింది. వాడు కదల్లేదు. నేనే లేచి దిగాను, నా వెనక వాడు మెల్లగా దిగాడు. చేపల బండి దాకా నడవడానికి రెండుచోట్ల ఆగాడు. ముక్కలు వచ్చాయి, అన్నం వచ్చింది. కడుపు చాలా నెలలుగా చిన్నదైపోయి నాలుగు ముద్దలకే నిండింది. నోట్లో ఏ రుచీ తెలియలేదు.

"ఎట్లుందే?" అన్నాడు.

"మస్తుగుంది. నడిమి ముక్క. కారం బాగా పట్టింది."

కళ్లు మూసుకుని విన్నాడు. కాసేపటికి తెరిచి, బస్టాండు వైపు చూస్తున్న నన్ను చూశాడు.

"ఇగ టైం చూడకు అక్కా," అన్నాడు. "నిమ్మళంగ తిను."

నేను ఇంకో రెండు ముక్కలు తెమ్మన్నాను.