తెలియకపోతే వద్దు

ఆఫీసులో ఆమెను వద్దమ్మ అంటారు, అదీ మొహం మీదే. ఆసుపత్రిలో మంచం పక్కనుండి రోగి ఊపిరినీ గుండెనూ కనిపెట్టే మిషన్లు తయారుచేసే చిన్న కంపెనీ అది. ఆ మిషన్‌లో అట్టడుగున ఉండి అన్నిటినీ నడిపించే ప్రోగ్రాం పేరు కెర్నెల్. దాన్ని సిద్ధం చేయడం ఆమె పని; అంటే వేలకొద్దీ ప్రశ్నలకు జవాబివ్వడమే: ఇది కావాలా, వద్దా? ప్రతి ప్రశ్న కిందా అదేమిటో నాలుగు ముక్కలు రాసి ఉండాలి. చాలాచోట్ల చివర్న "తెలియకపోతే వద్దు అనండి" అని సలహా కూడా ఉంటుంది. వద్దమ్మ ఆ సలహాను నమ్ముకునే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది.

కొత్త మోడల్ చేస్తున్నప్పుడు ఒక ప్రశ్న కింద "వివరణ లేదు" అని మాత్రం ఉంది. ఆ కోడ్ ముక్క రాసిన సీనియర్ అక్కడే ఉన్నాడు. వివరణ రాయమంటే, కోడ్ చదువుకోలేరా అంటాడు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు గాని, ఆ ఆఫీసులో అడిగినవాళ్లు అందరికీ లోకువ. ఆమె లేవబోయి, మళ్లీ కూర్చుని, వద్దు అని కొట్టేసింది. పరీక్షలో అలారం చక్కగా మోగింది. కరెంటు తీసేసి ఎవరూ చూడలేదు.

ఆమె అక్క నర్సు. ఒక మధ్యాహ్నం వార్డులో కరెంటు పోయింది. అక్క ఒకరికి సెలైన్ మారుస్తుండగా, మూల మంచం మీది ముసలాయనకు ఊపిరి అందలేదు. ఆ మంచం పక్కనున్నది చెల్లెలి కంపెనీ కొత్త మోడలే; దాని అలారం మోగలేదు. మనిషి దక్కాడు గాని మాట పడిపోయింది. విచారణ తేలేదాకా అక్కను డ్యూటీకి రావద్దన్నారు.

సంగతి విన్న చెల్లెలు మిషన్‌ను బ్యాటరీ మీద నడిపి చూసింది; మోగలేదు. తాను వద్దన్నది, బ్యాటరీ మీద ఉన్నప్పుడు అలారం మోగించే బజర్‌ను పడుకోనివ్వని ముక్క. ఉద్యోగం పోతుందన్న భయం ఆమెకు ఉంది, లేదనడం అబద్ధం. అయినా తిన్నగా అక్క ఇంటికి వెళ్లింది.

అక్క చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చి కూర్చుని ఉంది. "మోగే ఉంటుందే. నువ్వు చేసిన మిషన్ మోగకుండా ఎందుకుంటుంది? నాకే వినపడలేదు. ఆ ముసలాయన కూతురికి అదే చెప్పి క్షమించమన్నాను" అంది.

చెల్లెలు ఏడుస్తూనే జరిగిందంతా చెప్పింది. అక్క ఆమెను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. చెప్పులేసుకుని, "పద, ఆవిడకి చెబుదువుగాని" అంది.

ముసలాయన కూతురు వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉంది. కెర్నెల్ సంగతి ఆమెకేం అర్థమవుతుంది? అయినా చివరిదాకా ఓపిగ్గా విని, ఒక్కటే అడిగింది.

"రాసి లేదన్నావు, సరే. అడగడానికి ఎవరూ లేరామ్మా?"

"ఉన్నారండి," అంది వద్దమ్మ. "నేనే అడగలేదు."