కొత్త బారెల్‌కి పాత తూటా

2009 అక్టోబరులో, అమెరికాలో టెక్సస్‌లోని ఫ్రిస్కోకి ఉత్తరాన ఉన్న ఒక తుపాకుల షాపులో నాకు రైఫిల్ బారెల్ బిగించే పని అప్పగించారు. అంతవరకు అక్కడ లేత్ మీద చిల్లర పనులు చేసేవాణ్ణి. హైదరాబాద్ బాలానగర్‌లో ఏళ్ల తరబడి లేత్ తిప్పిన చేతులు నావి. అక్షరాలు నలభై దాటాక వచ్చాయి, ఇనుము అంతకు చాలా ముందే వచ్చింది.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. బారెల్ బిగించినవాడు తన పేరు పొడి అక్షరాలు దాని అడుగున అచ్చు కొట్టాలి. అదీ గురి పరీక్ష నెగ్గాకే. వంద గజాల నుంచి ఐదు తూటాలు కాలిస్తే, ఐదు రంధ్రాలూ ఒక క్వార్టర్, అంటే పావు డాలరు బిళ్ళ కింద దాగాలి. దాగకపోతే పని వేరేవాడికి పోతుంది. మొదటి బారెల్ పోతే రెండోది ఇవ్వనని యజమాని డేల్ మొహం మీదే చెప్పాడు.

నా మొదటి బారెల్ శ్రీనివాస్ అనే తెలుగు కుర్రాడి రైఫిల్‌కి, పాతదాని బదులు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవు రోజుల్లో దూరపు గురి పోటీలు. తూటాలు తనే తయారు చేసుకుంటాడు. ఇత్తడి కేసులో మందు తూచి పోసి, పైన బుల్లెట్ నొక్కి కూర్చోబెడతాడు. దీన్నే హ్యాండ్‌లోడింగ్ అంటారు. పరీక్ష రోజున పాత తూటాల పెట్టె పట్టుకుని వచ్చాడు.

"నా లక్కీ లోడ్ బాబాయ్! లాస్ట్ ఇయర్ దీంతోనే గెలిచా."

తూటా పెట్టాడు. దాన్ని వెనక నుంచి లోపలికి నెట్టి మూసే బోల్టు సగంలో బిగుసుకుంది. అతను అరచేత్తో ఒక్క దెబ్బ వేసి మూశాడు.

"ఆపు! ట్రిగ్గర్ మీంచి వేలు తియ్యి," అన్నాను.

"చాంబర్ షార్ట్‌గా కట్ చేసినట్టున్నారు బాబాయ్."

డేల్‌కి తెలుగు రాదు. కాని చాంబర్, షార్ట్ అన్న రెండు మాటలు చాలాయి. చాంబర్, అంటే బారెల్ మొదట్లో తూటా కూర్చునే గది, తొలిచింది నేనే కాబట్టి నా వైపు చూశాడు.

బోల్టు మెల్లగా తెరిచాను. కేసు బయటికొచ్చింది, బుల్లెట్ రాలేదు. మందు బెంచీ మీద ఆవాల్లా చిందింది. కడ్డీతో బుల్లెట్‌ని వెనక్కి తోసి తీశాను. దాని చుట్టూ సన్నని గీతలు, అన్నీ ఒకే పొడవు.

బారెల్ లోపల బుల్లెట్‌ని తిప్పే మెలికల గాడులుంటాయి. కాల్చేకొద్దీ వేడికి వాటి మొదలు అరిగి ముందుకు జరుగుతుంది. దాని వెంటే పోతూ బుల్లెట్‌ని కొంచెం కొంచెం బయటికి కూర్చోబెట్టడం హ్యాండ్‌లోడర్ల అలవాటు. ఈ తూటాల పొడవు అరిగిన బారెల్‌కి సరిపోయేది. కొత్తదాంట్లో బుల్లెట్ గాడుల్లోకి దిగబడింది. అలాగే కాలిస్తే ఒత్తిడి ఎంత పెరిగేదో నేను చెప్పలేను.

"పాత కారు తాళం కొత్త కారులో తిప్పి, తిరగలేదని మెకానిక్‌ని తిడుతున్నావు," అన్నాను.

"మ్యాచ్ శాటర్‌డే బాబాయ్!"

"శాటర్‌డేకి నీ వేళ్ళు కూడా ఉండాలి కదా."

గాడులు గీసిన ఆ గీతలు సమానంగా ఉన్నాయంటే చాంబర్ నడిమధ్యన పడినట్టే. డేల్ ఆ బుల్లెట్‌ని వెలుతురులో తిప్పి చూసి, లోడ్ కూడా, అంటే మందు కొలతా బుల్లెట్ లోతూ, నన్నే తేల్చమన్నాడు.

బుల్లెట్ గాడులకి ముందే ఆగేట్టు లోపలికి కూర్చోబెట్టించాను. మందు కంపెనీ పుస్తకంలోని అట్టడుగు కొలతతో మొదలు. కొన్ని కాల్చడం, బారెల్ చల్లారనివ్వడం, కేసు అడుగున మందుని అంటించే ప్రైమర్ బిళ్ళ ముఖం చూడడం, ఆ తర్వాతే మందు పిసరంత పెంచడం. ప్రైమర్ చదునైతే ఒత్తిడి ఎక్కువైనట్టు. మొదట్లో రంధ్రాల గుంపులు అరచేయంత వచ్చాయి. డేల్ వాచీ చూసుకున్నాడు. నేను చూసుకోలేదు. తర్వాత గుంపు దగ్గరికి రావడం మొదలైంది.

చివరి ఐదూ పడ్డాక శ్రీనివాస్ కాగితం మీద క్వార్టర్ పెట్టాడు. ఒక్క రంధ్రమూ కనపడలేదు.

"బాబాయ్, డైమ్ కూడా సరిపోతుంది!" అంటూ ఇంకా చిన్న బిళ్ళ పెట్టాడు. ఒక అంచు తొంగి చూసింది.

"ఆశకి హద్దుండాలిరా," అన్నాను.

డేల్ అక్షరాల అచ్చులూ సుత్తీ నా చేతికిచ్చాడు. రెండు అక్షరాలు, రెండు దెబ్బలు. నేను సుత్తి కింద పెట్టేలోపే రెండో బారెల్ తెచ్చి బెంచీ మీద పెట్టాడు. శనివారం పోటీలో శ్రీనివాస్ మొదటివాడిగా వచ్చాడు.

బారెల్ మారితే లోడ్ అడుగు నుంచి మొదలుపెట్టాలి. గెలిచిన లోడ్ అయితే మరీను. బోల్టు బిగుసుకుంటే, కారణం తెలిసేదాకా బలం వాడకూడదు. రిటైరయ్యేదాకా నా బెంచీ దగ్గర ఈ రెండు నియమాలకూ మినహాయింపు లేదు.