మైనస్‌లో నడిచే మా జలపతి బావ

మా బావ జలపతి బండి నడిపేటప్పుడు రోడ్డు చూడడు. ముల్లు చూస్తాడు.

ముల్లంటే గడియారం ముల్లు కాదు. ఆయన పాత బుల్లెట్ బండి హెడ్‌లైటు నెత్తిన చిన్న గుండ్రటి అద్దం ఉంటుంది. దాని కింద సన్నటి ముల్లు. ఇంజను తిరిగి బ్యాటరీకి కరెంటు పంపుతుంటే అది కుడివైపు ప్లస్సులోకి వాలుతుంది. బ్యాటరీలో ఉన్నదంతా ఖర్చయిపోతుంటే ఎడమవైపు మైనస్సులోకి పడుతుంది. చాలాకాలంగా అది ఎడమకే పడి ఉంది. ఎప్పటికైనా కుడికి రాకపోతుందా అని బావ దాన్నే చూస్తూ పోతుంటాడు. బర్రెలు, బస్సులు, పెళ్ళి ఊరేగింపులు వాటంతటవే పక్కకు తప్పుకోవాలి.

బావది సిరిసిల్ల. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. అలాంటి సాంచాలు నాలుగు పెట్టి చీరలు నేయిస్తాడు. నేను ఆయన భార్య లీలకు తమ్ముణ్ణి, పేరు సంజీవ్. జగిత్యాలలో వైర్లూ స్విచ్చులూ అమ్ముకుంటాను. మా నాన్న కూడా మగ్గం మనిషే. అందుకే తెగిన పోగుకు ముడి వేయడం నాకు అక్షరాలకంటే ముందే వచ్చింది.

ముల్లు పిచ్చి బండితో ఆగిపోతే బాగుండేది. బావ లోకంలోని ప్రతి మనిషికీ నుదుటి మీద ఒక ముల్లు ఉందని నమ్ముతాడు. నా పెళ్ళిలో సరిగ్గా తాళి కట్టే ముందు మండపం అదిరేలా అరిచాడు.

"అయ్యగారూ, జెర ఆగుండ్రి! మా బామ్మర్ది ముల్లు మైనస్ల పడ్డది. ముందుగాల సోడా తాపుండ్రి!"

అందరూ పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం నిజంగానే కళ్ళు తిరుగుతున్నాయి. సోడా తాగి, ఆ సీసా పక్కన పెట్టే తీరిక లేక ఒళ్ళో పెట్టుకునే తాళి కట్టాను. ఆల్బమ్‌లో ఆ ఫోటో వచ్చినప్పుడల్లా మా ఆవిడ పేజీ తిప్పేస్తుంది.

ఇంట్లోనూ అంతే. అక్క కొంచెం ముఖం ముడుచుకుంటే చాలు. "లీలా, నీ ముల్లు పడ్డట్టున్నది!" అంటాడు.

"ముల్లు కాదు, ఇంకో మాటన్నవంటె కట్టె లేస్తది!" అంటుంది అక్క.

"లేసిందా? ఐతె ప్లస్సే!"

పాపం, అక్క కష్టాలు ఇన్నీ అన్నీ కావు. ఆ బండి హారన్ కోడిపిల్ల కూత. హెడ్‌లైటు వెలిగిందో లేదో దగ్గరికి వెళ్ళి చేయి పెట్టి చూసుకోవాలి. చుట్టాలింటికి వెళ్ళి వస్తూ పొద్దుగూకిందంటే, వెనక కూర్చున్న అక్క టార్చిలైటు తీసి బావ భుజం మీదుగా రోడ్డు మీదికి పట్టాలి. వేములవాడ నుంచి సిరిసిల్ల దాకా వాళ్ళ సంసారం ఇలా సాగుతుంది.

"జెర కుడికి పట్టు! గుంత!"

"గుంత నాకు కనబడ్తనే ఉన్నది. నువ్వు ముందుగాల గా ముల్లు మీదికెల్లి కండ్లు దియ్యి!"

అలాంటి బండిని బాగుచేసేవాళ్ళు సిరిసిల్లలో ఉన్నారు, జగిత్యాలలోనూ ఉన్నారు. బావ వాళ్ళలో ఎవరినీ చేయి వేయనివ్వడు. ప్రతి గురువారం చీరల మూటలు జగిత్యాల దుకాణాల్లో దించుతాడు, మా ఇంట్లో భోంచేస్తాడు, దక్షిణాన ఉన్న సిరిసిల్లకు పోవలసినవాడు పడమటి దిక్కు కోరుట్లకు బండి తిప్పుతాడు.

"బావా, ఇంటికి పోయే తొవ్వ అది కాదు గదా?"

"నా తొవ్వ గది కాదు. బండి తొవ్వ గదే."

కోరుట్లలో బుచ్చన్న కాక ఉన్నాడు. పాత బండ్లకు పెద్ద డాక్టరు. ఒకసారి నేనూ వెంట వెళ్ళి ఆ వైద్యం కళ్ళారా చూశాను. కాక బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, పీట మీద కూర్చుని, ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"హారన్ గొడితె ముల్లు ఊగుతదా, పడ్తదా?"

"పడ్డంక ఊగుతది కాకా."

"లైటేస్తె?"

"ఊగుడు బందయితది. పండుకుంటది."

కాక ముఖం వెలిగిపోయింది. డైనమోకున్న రెండు తీగలూ ఊడదీసి, అవి తగిలే రెండు చోట్లనూ కలిపి ఒక బల్బు తగిలించాడు. "రేస్ ఇయ్యి!" అని అరిచాడు. బావ రేస్ ఇచ్చాడు. బల్బు భగ్గున వెలిగింది.

"డైనమో బతికే ఉన్నదిరో!" అని కాక వీధంతా వినబడేలా కేక పెట్టాడు. ఎదురు హోటల్లో ఛాయ్ తాగుతున్నవాళ్ళు గ్లాసులతో సహా వచ్చి నిలబడ్డారు. "మరి పుట్టిన కరెంటు బ్యాటరీల పడ్తలేదంటె నడుమ యాడ్నో ఆగం ఐతున్నది. ఎవ్వలు గుంజుకుంటున్నరు?"

ఇక చూడాలి హడావిడి. కరెంటును బ్యాటరీకి దాటించే కటౌట్ డబ్బా విప్పి గరుకు కాగితంతో రుద్దాడు. ఎర్త్ తీగ గీకాడు. బ్యాటరీ కొనల మీది తెల్లటి చిలుమును వేడినీళ్ళతో కడిగాడు. గుంపులో ఒకాయన బ్యాటరీ అన్నాడు, ఇంకొకాయన డైనమో బ్రష్షులన్నాడు, మూడో ఆయన దిష్టి అన్నాడు. కాక కోడలు రజని అందరికీ ఛాయ్ పోసి పోసి అలసిపోయింది. చివరికి కాక చేతులు తుడుచుకుని, "అయ్యింది, ఇగ పో!" అన్నాడు. ఊరు దాటేసరికి ముల్లు మళ్ళీ మైనస్సులో పడింది. బావ కిక్కురుమనకుండా ఇంటికి పోయి, సాంచాల పక్కనున్న ప్లగ్గులో ఛార్జరు పెట్టి బ్యాటరీకి ప్రాణం పోసుకున్నాడు. మళ్ళీ గురువారం, మళ్ళీ కోరుట్ల.

చివరికి అక్క సహనం తెగిపోయింది. పాత బండ్లు కొనేవాడొకడు జగిత్యాలలో దొరికాడు. అక్క ఫోన్లో నాకే తీర్పు వినిపించింది.

"తమ్మీ, నేను టార్చి స్తంభాన్ని కాను. ఈ గురువారం ముల్లు ప్లస్ల చూపెట్టకపోతె బండి గాయనకే ఇచ్చేస్త. ఒట్టు!" గొంతు తగ్గించింది. "కని గది పోతె మీ బావ అన్నం ముట్టడు. నాకు తెల్వదా? నువ్వు కరెంటు సామాన్లు అమ్ముతవు గదా, నువ్వే ఏమన్న జెయ్యి."

ఆ గురువారం బావ మా ఇంట్లో పప్పన్నం కలుపుకుంటుండగా నేను మీటరు పట్టుకుని బండి దగ్గరికి పరుగెత్తాను. డైనమో దగ్గర కరెంటు ఉంది. కటౌట్ డబ్బా దగ్గర లేదు. తీగను వేళ్ళతో తడుముకుంటూ ట్యాంకు కిందికి పోయాను. ఒకచోట టేపు ఉబ్బి ఉంది. విప్పాను.

తీగ తెగి ఉంది. రెండు కొనలనూ కలిపింది రాగి కాదు. నారింజ రంగు చీర పోగు! దానికి మగ్గం మీద పోగు తెగినప్పుడు వేసే ముడి, ఎంత ముచ్చటగా ఉందంటే మా నాన్న చూస్తే మెచ్చుకునేవాడు.

నవ్వుతో నా కడుపు నొప్పెట్టింది. దారిలో తీగ తెగి ఉంటుంది. పోగైనా తీగైనా తెగితే ముడేగా అనుకుని, అలవాటు చొప్పున బావే కట్టి ఉంటాడు. నేత మనిషి తప్ప ఇంకెవడూ చేయలేని పొరపాటు! పోగు తీసేసి రాగిని రాగితో కలిపాను, కొత్త టేపు చుట్టాను, కిక్కు కొట్టి రేస్ ఇచ్చాను. ముల్లు ఒక్కసారి వణికింది, లేచింది, కుడికి వాలింది.

"ప్లస్! ప్లస్!" అని నేను వీధిలో ఎగిరాను. పక్క దుకాణాలవాళ్ళు ఏ లాటరీ తగిలిందోనని పరుగెత్తుకొచ్చారు. అక్కకు వీడియో కాల్ చేసి ముల్లు చూపించాను. అవతల టార్చిలైటు గాల్లోకి ఎగరడం నా కళ్ళతో చూశాను.

బావ అన్నం చేత్తోనే బయటికి వచ్చాడు. ముల్లు చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవ్వడు ముట్టమన్నడుర నిన్ను?"

"బావా, ముల్లు ప్లస్ల ఉన్నది!"

"కనబడ్తున్నది! ఇగ కాక మైనస్ల పడ్తడు గదర! చెయ్యి గడుక్కొనస్త, ఎక్కు బండి!"

జగిత్యాల నుంచి కోరుట్ల దాకా మిట్టమధ్యాహ్నం ఎండలో హెడ్‌లైటు వేసి, హారన్ మీద వేలు తీయకుండా నడిపాడు. బ్యాటరీని ఖాళీ చేయాలని తాపత్రయం. "పడవే, నా తల్లీ, జెర పడవే!" అని ముల్లును బతిమాలాడు. ఛార్జింగ్ అందిన హారన్ లారీలా గర్జించింది. బర్రెలు మొదటిసారి బావకు భయపడి పొలాల్లోకి పరుగు తీశాయి. ముల్లు మాత్రం పడలేదు. హారన్‌కీ హారన్‌కీ నడుమ బావ వెనక్కి తిరిగి అసలు సంగతి అరిచి చెప్పాడు.

కొత్త బండ్లకు కంప్యూటర్లు వచ్చాక కాక దగ్గరికి గిరాకీ పోయింది. కాక గోడ వైపు తిరిగి పడుకున్నాడు. స్నానం లేదు, మాట లేదు, సగం అన్నం పళ్ళెంలోనే. మస్కట్‌లో ఉన్న కొడుకు, దుకాణం ఫోన్లు అమ్మేవాడికి కిరాయికి ఇద్దామన్నాడు. సరిగ్గా అప్పుడే బావ బండి నిజంగా ఛార్జింగ్ పోయి ఆ దుకాణం ముందే ఆగింది.

"గా బండి దగ్గు ఇని మంచంల నుంచి లేసిండుర! బాగుజేసి రెండోసారి అన్నం పెట్టించుకున్నడట. జలపతి బండిని ఎవ్వలు జూస్తరు, దుకాణం షట్టర్ ఇయ్యనన్నడట. మరి నా బండి బాగైతె ఎట్లర?"

అందుకని వారం వారం ఒక రోగం తగిలించుకొచ్చాడట. బ్రష్షు పీకాడు, ఎర్త్ వదులు చేశాడు. చివరికి ఈ ముడి. "గిది మాత్రం కాకకు ఇప్పటిదాంక దొర్కలే," అన్నాడు గర్వంగా. నాకు సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ కూడా పుట్టింది.

కోరుట్లలో కాక ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుడ్డ మీద పానాలు వరసగా పరుచుకుని సిద్ధంగా ఉన్నాడు. రజని బావ పక్కకు వచ్చి మెల్లగా అంది. "అన్నా, ఫోన్లాయన రేపు మాట్లాడనీకి వస్తుండు. మామకు గిరాకి ఏదని అడిగితె ఏం జెప్పాలె?"

కాక కిక్కు కొట్టాడు. ముల్లు ప్లస్సులో నిలబడింది. ఆయన ట్యాంకు కింద చేయి పెట్టి తడిమాడు. కొత్త టేపు తగిలింది. తలెత్తి బావను చూశాడు.

"ముడేది?"

బావ ఒకసారి నన్ను చూసి కాక వైపు తిరిగాడు. "నీకు... తెల్సా కాకా?"

"తెల్వకేంది? నారింజ పోగు ఏ డైనమోలకెల్లి వస్తదిరా? మొదటి వారమే జూసిన."

"మరి ఇప్పలేదేంది?"

"ఇప్పితె బండి బాగైతది. బాగైతె నువ్వెందుకొస్తవు? పాపం, సాంచాల చప్పుడుల నీ మాట ఇనేటోడు లేక నా దగ్గరికి ముచ్చటకు వస్తున్నవనుకున్న. ఎందుకు కాదనాలె అని మళ్ల టేపు చుట్టి తోల్తున్న."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రజని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుల మధ్య నాకు మా నాన్న బండి గుర్తొచ్చింది. ఆయన నడిపిన రెండు సైలెన్సర్ల మోటార్‌సైకిల్ మా దుకాణం వెనక అట్టపెట్టెల కింద ఎన్నేళ్ళుగానో పడి ఉంది.

"కాకా, మా నాయిన బండి ఒకటున్నది. దానికి ఛార్జింగ్ ఒక్కటే కాదు, ఏదీ లేదు. చక్రాలు సుత తిరుగయి. చూస్తవా?"

కాక లేచి నిలబడ్డాడు. "చక్రాలు సుత తిరుగయా?" ఎవరో బిర్యానీ పేరు చెప్పినట్టు అడిగాడు. "కోడలా, గా ఫోన్లాయనకు చెప్పు! షట్టర్ ఖాళీ లేదు!"

బావ నా చెవిలో గుసగుసలాడాడు. "చూసినవా బామ్మర్ది? ముల్లు ఎట్ల లేసిందో!"

మా నాన్న బండిని ట్రాలీ ఆటోలో కోరుట్లకు చేర్చాం. ఇప్పుడు అది నడుస్తోంది. జగిత్యాల కోట చుట్టూ ఒక రౌండు కొడితే మూడు వీధులు కిటికీలు తెరుస్తాయి. అక్క టార్చిలైటు అటక ఎక్కింది. బావ ఏ రోగమూ లేని బండి మీదే గురువారం గురువారం కోరుట్ల పోతున్నాడు. ముచ్చట కోసమని ఇప్పుడు బాహాటంగానే చెబుతాడు.

నాన్న బండికే, పోయిన గురువారం కోరుట్లలో కాకకు చూపించి తెచ్చినప్పటి నుంచి, ఛార్జింగ్ ఎక్కడం లేదు. బావ మీద అనుమానంతో ట్యాంకు కింద టేపు విప్పి చూశాను. నారింజ పోగే! కానీ ముడి నేత మనిషి వేసింది కాదు. పోగు రెండుసార్లు మెలిపడింది, కొసలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, పైగా గ్రీజు మరక. బావకు ఫోన్ చేసి అడిగాను.

"కాక నేర్పుమంటె నేర్పిన," అన్నాడు బావ. "చెయ్యి ఇంక కుదరలే. జెర ఓపిక వట్టు."

నేను మళ్ళీ టేపు చుట్టేసి, గురువారం నాడు బండిని కోరుట్లకు తోలాను.