బ్రేకు సాకెట్ విరిచిందెవరు?

కోవిల్‌పట్టిలో నేను షెడ్డు పెట్టిన కొత్తలో, కళుగుమలై దారిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నడిపే ముదలాళి ఒకాయన తన విదేశీ కారును నాకే చూపించేవాడు. బ్రేకు ప్యాడ్లు అరిగితే డ్యాష్‌బోర్డులో ఎర్ర దీపం వెలిగే బండి అది. ఒకసారి నేను ఊళ్ళో లేనప్పుడు ఆయన ప్యాడ్లు మార్పించుకోవడానికి విరుదునగర్ వెళ్ళాడు. అక్కడి మెకానిక్ నాతో కలిసి పని నేర్చుకున్నవాడే, మా తెలుగువాడే. ప్యాడ్లు మార్చినా దీపం ఆరలేదు. "సెన్సార్ సాకెట్‌ను ఆ కోవిల్‌పట్టివాడు ఎప్పుడో విరిచేశాడు" అని వాడు పదిమంది ముందు అరవంలో చెప్పాడు. ఆ మాట కారు కన్నా ముందు మా ఊరు చేరింది. బండ్లు నా షెడ్డుకు రావడం మానేశాయి.

కడుపు మండిపోయింది. వాడి పీక పిసకాలనిపించింది. పిసికితే నా పేరు తిరిగి రాదు. ముదలాళి దగ్గరికి వెళ్ళి, వాణ్ణి కూడా నా షెడ్డుకు తీసుకొస్తే ఎదురుగానే బాగుచేస్తానన్నాను. నా పరువు ఇంకాస్త పోతుందని వాడు హుషారుగానే వచ్చాడు.

చక్రం విప్పి చూస్తే, సాకెట్ గొళ్ళెం మీద కటింగ్ ప్లేయర్ గాట్లు కొత్తగా ఉన్నాయి. గొళ్ళెం నొక్కి విడదీయాల్సిన దాన్ని పట్టి లాగేశాడు, ఓపిక లేని వెధవ. పాతది కోసేసి, వేరే సాకెట్‌ను వైర్లకు సోల్డర్ పెట్టి అతికిస్తూ, తల ఎత్తకుండా తెలుగులో అడిగాను.

"నిజం సెప్పన్నా, ఎవురు ఇరిసింది?"

ముదలాళి పక్కనే ఉన్నాడు. వాడు నవ్వాడు.

"నా సేతిలోనే ఇరిగిపోయెరా తంబీ. ఏం సేసేది, నీ పేరు సెప్పేస్తి. ఈ అరవాయనకి సెప్పబాకు."

ఇల్లు దాటితే మేమంతా అరవమే మాట్లాడతాం. పక్కవాళ్ళకు తెలియకూడని మాటకే తెలుగు బయటికి తీస్తాం. ముదలాళి తన తల్లితో ఏ భాషలో మాట్లాడతాడో వాడికి తెలియదు. నేను విన్నాను. విన్న సంగతి వాడికెందుకు చెబుతాను?

"ఎవురప్పా అరవాయన?" అన్నాడు ముదలాళి.

వాడి ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. నాకు ఎంత హాయిగా ఉందో! బండి స్విచ్చి వేస్తే ఆ ఎర్ర దీపం ఆరిపోయింది. వాడు నా చేతులు పట్టుకుని వదిలెయ్యమన్నాడు. వదలలేదు. ఎదుటి టీకొట్టు దగ్గర డ్రైవర్లు నిలబడి ఉంటే, భుజం పట్టి వాళ్ళ మధ్యకు నడిపించాను.

"అబద్దం అరవంలో సెప్పితివి గదా. నిజం కూడా అరవంలోనే సెప్పు."

చెప్పాడు. వెనకవాళ్ళకు వినబడలేదని మళ్ళీ చెప్పించాను.