మా తమ్ముడి పాటలో ఆఖరి పేరు

మా తమ్ముడిని మీరు చూసే ఉంటారు. పేరు తెలియకపోవచ్చు. సీమ కథ అని చెప్పుకునే సినిమాల్లో నాయకుడి జీపు వెనక నిలబడే గడ్డం మనిషి, ఇంటర్వెల్ లోపలే చచ్చిపోయేవాడు. ప్రొద్దుటూరులో మొదటిసారి తెర మీద వాడు వేటు తిని కింద పడ్డప్పుడు మా అమ్మ హాల్లోనే లేచి నిలబడింది. ముందు వరుసల్లో ఈలలు వేస్తున్నారు.

వాడు నటుడు కావాలనుకోలేదు. ర్యాప్ పాడాలనుకున్నాడు. మా సంఘంలో పెద్దలు దాన్ని గబగబ పాట అనేవారు. ఆ వేగం వాడికి చర్చిలోనే పట్టుబడింది. సండే స్కూల్లో నేను పిల్లలకు బైబిల్లోని వంశావళులు కంఠతా పెట్టించేదాన్ని. ఎవరు ఎవరిని కన్నారో మిగతా పిల్లలు తడబడుతూ చెబుతుంటే, వీడు బల్ల మీద వేళ్లతో దరువేస్తూ ఊపిరి తీసుకోకుండా చెప్పేసేవాడు. అందరూ నవ్వేవారు. ఎంత వేగంగా చెప్పినా వాక్యం వాక్యమే కదా అని నేను ఊరుకున్నాను.

మా ఊరు జమ్మలమడుగు నుంచి మైలవరం పోయే దారిలో ఉంది. రెండు పెద్ద ఇళ్లు, రెండు పార్టీలు. మా పేటవాళ్లం ముత్తాతల నాడు దొరల మిషన్‌లో బాప్తిస్మం పొందినవాళ్లం. అయినా కూలికి పోవలసింది ఆ రెండు ఇళ్ల పొలాల్లోకే. ఎవరి పొలంలో పనిచేస్తే వాళ్ల పార్టీ. కక్షలు పెద్ద ఇళ్లవి, చచ్చేది ఎక్కువగా మా పేటవాళ్లు. వాక్యంలో అన్న తమ్ముణ్ణి చంపిన మొదటి హత్య పొలంలోనే జరిగింది. మా ఊళ్లోనూ పొలాల దగ్గరే జరిగేవి.

చర్చిలో కూడా మగవాళ్లు రెండుగా చీలి కూర్చునేవారు. మధ్యలో ఒక చాప ఖాళీగా ఉండేది. ప్రభు భోజనం రోజున మరీ కష్టం. ఒకే గిన్నెలోంచి అందరూ ద్రాక్షరసం తాగాలి. ఎవరి తర్వాత ఎవరు తాగాలన్నది గొడవ. చివరికి మా పాస్టరు అయ్యగారు ఒక పద్ధతి పెట్టారు. ఈ వైపు నుంచి ఒకరు, ఆ వైపు నుంచి ఒకరు. బయట కత్తి పట్టినవాళ్లు కూడా దానికి ఒప్పుకున్నారు. మా తమ్ముడు ఆ పద్ధతి చూస్తూ పెరిగాడు. న్యాయం అంటే వాడికి అదే.

డిగ్రీ మధ్యలో మానేసి ప్రొద్దుటూరులో ఒక సెల్‌ఫోన్ల అంగట్లో చేరాడు. మెమరీ కార్డుల్లోకి పాటలు ఎక్కించే పని. అక్కడే మధ్యాహ్నం పూట షట్టర్ సగం దించి తన పాట రికార్డు చేశాడు. పార్టీల కింద చచ్చిన మా ఊరివాళ్ల పేర్లు. పేరు, ఏ పొలం గట్టున పడ్డాడు, ఇంట్లో ఎవరు మిగిలారు, అంతే. ఇటు నుంచి ఒకరు, అటు నుంచి ఒకరు, గిన్నె అందించినట్టే. అందులో తిట్టు లేదు, పొగడ్త లేదు.

పాట జమ్మలమడుగు, పులివెందుల, తొండూరు దాకా పాకింది. మొదట అందరూ ఏడ్చారు. మా పేటలో ముసలమ్మలు తమవాళ్ల పేరు వచ్చేచోట మళ్లీ మళ్లీ పెట్టించుకుని విన్నారు. ఆ వారమంతా నేను దేవుణ్ణి స్తుతించాను.

తర్వాత ఒక ఉదయం టీ అంగడి దగ్గర మా వైపు మనిషి, వరసకు మామ, నన్ను ఆపాడు.

"ఏమ్మా టీచరమ్మా, మీ తమ్ముడు ఆఖర్న ఎవురి పేరేసి ఆపినాడు?"

"వాళ్ల వైపు పెద్దాయనది. ఆ తర్వాత ఎవురూ పోలేదు గదా మామా."

"అదే చెప్తాండా. మనోడు, వాళ్లోడు, మనోడు, వాళ్లోడు. వాళ్లోడి కాడ ఆపినాడు. ఇంగ వచ్చేది ఎవురి పేరు?"

పక్కన టీ తాగుతున్నవాడు నవ్వాడు. "నీకేం బయం లేదులే మామా. నీ పేరు శానా పొడుగు, పాటలో పట్టదు."

మామ నవ్వలేదు. నాకు అప్పుడు తెలిసింది. గిన్నెను ఒకరి తర్వాత ఒకరికి అందిస్తే సఖ్యత కుదురుతుంది. చావులను అలా చెబితే తర్వాతి చావు ఎవరింట అని వినబడుతుంది. మా ఊళ్లో ఎవరి వైపు చచ్చినవాళ్లను వాళ్లే సంవత్సరీక ప్రార్థనలో తలుచుకునేవారు. రెండు వైపుల పేర్లూ కలిపి ఒక్క వరుసలో ఎవరూ ఎన్నడూ పలకలేదు. ఎందుకు పలకకూడదో పెద్దలకు తెలుసు. మా తమ్ముడికి తెలియలేదు.

ఎన్నికల ముందు, మైలవరం దారిలో, మా వైపు కుర్రవాణ్ణి ఒకణ్ణి బండి మీద నుంచి దించి నరికారు. వితంతువుకు ఒక్కడే కొడుకు. డ్యాంలో చేపలు పట్టి జమ్మలమడుగులో అమ్ముకునేవాడు, ఏ గొడవలోనూ లేడు. చంపినవాళ్లు పోతూ పోతూ "పాట నిండింది పోండి" అన్నారని చూసినవాళ్లు చెప్పారు.

కొన్నాళ్లకే ఎవరో ఆ కుర్రవాడి పేరును కూడా వేరే గొంతుతో పాట చివర అతికించారు. ఇప్పుడు పాట మా వైపు దగ్గర ఆగింది. మా వైపు కుర్రాళ్లు దాన్ని పెద్దగా పెట్టుకుని ఎదుటివాళ్ల వీధిలో బండ్ల మీద తిరగసాగారు.

తమ్ముణ్ణి రెండు వైపులా తిట్టారు, కనబడితే నరుకుతామన్నారు. వాడు హైదరాబాదు పోయాడు. అక్కడ సినిమావాళ్లకు సీమ మాట పలికేవాడు కావలసి వచ్చాడు. మొదట నటులకు మన మాట నేర్పాడు. వాళ్లకు నోరు తిరక్కపోతే వీణ్ణే నిలబెట్టారు. ఏ కత్తులకు భయపడి ఊరు విడిచాడో అవే కత్తులు, చెక్కవి, చేతికిచ్చారు. ర్యాప్ మాత్రం మళ్లీ నోట పట్టలేదు.

ముఖం నలుగురికీ తెలిశాక పులివెందుల నుంచి ఒక పార్టీవాళ్లు కబురు పెట్టారు. ప్రచారం జీపు ఎక్కితే ఊళ్లో ఎవడూ తాకకుండా చూసుకుంటామన్నారు. వాడు నాకు ఫోన్ చేశాడు.

"జీపెక్కితే ఊరికి రావచ్చక్కా. కానీ ఆయమ్మను ఏం మొగం పెట్టుకొని చూసేది?"

ఆయమ్మ అంటే చచ్చిన కుర్రవాడి తల్లి. జీపు ఎక్కలేదు. ఒక ఆదివారం పొద్దున ఆర్టీసీ బస్సులో వచ్చి నేరుగా ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు. పక్కన నేనున్నాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. లేవలేదు.

"సినిమాలో సచ్చినప్పుడల్లా లేసి, మొగం కడుక్కోని ఇంటికి పోతాండావంట గదా నాయనా," అంది. "మావోడు లేయలేదబ్బీ."

తమ్ముడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. "నన్నేం చేయమంటావో చెప్పుమ్మా."

"నీ పాట ఇప్పుడు మా ఇంటి కాడ నిలబడింది. ఈ పిల్లోళ్లు దాన్ని పెట్టుకోని, నా కొడుకు కోసరం ఇంగొకన్ని చంపుతామంటాండారు. ఆపు దాన్ని. చర్చికి రా."

ఆ రోజు ప్రసంగం అయ్యాక వాడు లేచాడు. కెమెరా ముందు అంత గట్టిగా అరిచేవాడి గొంతు మాకే సరిగ్గా వినబడలేదు. "ఆ పాట అయిపోయింది. నేను కట్టింది పగకు కాదు. ఇంగ ఎవురూ దానికి పేరు అతికిచ్చొద్దు."

మా వైపు నుంచి ఒకడు అరిచాడు. "మా వంతు వద్దనేదానికి నువ్వెవుడప్పా? ఇది షూటింగనుకున్యావా?"

ఆడవాళ్లలోంచి ఆమె లేచింది. "సచ్చింది నా కొడుకు. వంతంటే అది నాది. నేను వద్దంటాండా. నా కంటే నీకెక్కువ నొప్పా రా?"

కొందరు లేచి చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు. అయ్యగారు గబగబా దీవెన చెప్పేశారు.

బయట ఆమె తమ్ముడితో, "బస్సు దాకా నా ఎనకాలే నడువు. నా మాట నేను చెప్పినా. వాళ్ల మనసులు నా చేతిలో లేవు," అంది. ఆమె ముందు, వాడు వెనక. పెద్ద ఇళ్ల అరుగుల మీద మగవాళ్లు కూర్చుని చూస్తున్నారు. చచ్చినవాడి తల్లి ముందు నడుస్తుంటే ఆమె వెనకవాడి మీద చెయ్యెత్తడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

అప్పటి నుంచి వాడు అలాగే వచ్చేవాడు. ఆమె బస్సు దగ్గరికి వచ్చి తీసుకొచ్చేది, తిరిగి ఎక్కించేది. ఊళ్లో చంపుకోవడం ఆగలేదు. ఆ పాట పేరు చెప్పి మాత్రం మళ్లీ ఎవరినీ చంపలేదు. అది దేవుని కృప అని నేను నమ్ముతాను.

మొన్న వానాకాలంలో ఆమె ప్రభువు దగ్గరికి పోయింది. తమ్ముడికి ఫోన్ చేసి రమ్మన్నాను.

"బస్సు దిగితే నా ముందర నడిచేదెవురక్కా?"

"నేను నడుస్తా, రా."

"నువ్వు సచ్చినోడి అమ్మవు కాదు గదక్కా."

సమాధి దగ్గర వాడి తరఫున నేనే పిడికెడు మట్టి వేశాను.