ఖాళీ బుడగలో నా దస్తూరి

మొన్న జూలై పన్నెండు, శనివారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి నల్లగండ్లలోని మా ఫ్లాట్‌లో ఇది జరిగింది. ఏడో తరగతి చదివే నా మనవరాలు సహస్ర, బడిలో పోటీ కోసం గీసిన బొమ్మల కథను బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లింది. పదింటికల్లా ఇచ్చేయాలి.

కథ మా ఆయన గురించే. పక్షవాతంతో ఆయనకు మాట పడిపోయి మూడేళ్లయింది. కాగితం మీద ఆరు గడులున్నాయి. ఐదింటిలో మాటలు రాసే బుడగల నిండా మనవరాలి మాటలే. చివరి గడిలో తాత నోరు తెరిచి ఉన్నాడు. ఆయన నోటి వైపు తోక తిరిగిన పెద్ద బుడగ మాత్రం ఖాళీగా ఉంది. పిల్ల తొందరలో మరిచిపోయిందనుకున్నాను. సగం పని నాకు గిట్టదు. పెన్ను తీసి, "బాగా చదువుకో బిడ్డా" అని గుండ్రంగా రాశాను.

సహస్ర వచ్చి కాగితం చేతిలోకి తీసుకుంది.

"ఏంది నానమ్మా, గిట్ల చేసినవ్?"

"నువ్వు మరిచినవ్, నేను నింపిన. థాంక్స్ చెప్పవా?"

"మరువలే! తాత చెప్పాలని చూస్తడు, మాట రాదు. అందుకే ఖాళీగ ఉంచిన. ఇంట్ల తాత నోరు తెరిస్తే నువ్వే చెప్పేస్తవ్. బొమ్మల గూడ గదేనా?"

పక్క కుర్చీలో మా ఆయన ఆ కాగితం వంకే చూస్తున్నారు. నేను తల ఎత్తలేకపోయాను. ఆయన పెదవి కదిలితే చాలు, "నీళ్లా? టీయా?" అని నేనే అందుకుంటాను. ఆయన ఏం చెప్పబోయారో ఒక్కసారీ ఆగి చూడలేదు.

నా రాత ఉన్న కాగితాన్ని సహస్ర బడిలో ఇవ్వనంది, మళ్లీ గీసే సమయం లేకపోయింది. పోయినవి ఒక కాగితం, నాలుగు సాయంత్రాల పని, ఒక పోటీ. ఆ తర్వాత గీసిన బొమ్మలేవీ సహస్ర నాకు చూపించలేదు.