చలివేంద్రం కాగితంలో ఒక ఇంగ్లీషు మాట

ఉగాదికి శ్రీశైలం నడిచిపోయే కన్నడ భక్తులు మా ఊరి మీదుగానే పోతారు. చలివేంద్రంలో రెండు రోజులు వాళ్లకు మజ్జిగ పోస్తాం. ముందు రోజే ఇళ్లల్లో పాలు తోడు పెట్టుకోవాలి కనుక ఏ రోజుకు ఎన్ని కడవలో ముందుగా చెప్పాలి. పదకొండేళ్లు అది చెప్పింది నేను. కుండల దగ్గర నిలబడి పోసేది మా ఎదురింటి కోడలు.

పోయిన ఏడాది మొదటి రోజు పన్నెండున్నరకే మజ్జిగ అయిపోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఉత్త నీళ్లు తాగి పోయారు. మర్నాడు జనం పలచబడ్డారు. పద్దెనిమిది కడవలు పులిసిపోతే గొడ్ల తొట్లలో పోశాం.

నాలుగో రోజు చలివేంద్రం కమిటీ పెద్దాయన ఒక తీర్మానం రాసుకొచ్చాడు. ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, ఏదైనా ఇంగ్లీషులో రాస్తేనే ఆయనకు తృప్తి. చలివేంద్రాన్ని ఎదురింటి కోడలు ‘మిస్‌మేనేజ్’ చేసింది, వచ్చే ఏడు నుంచి ఆమె వద్దు అని అందులో ఉంది. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పినదాన్ని కదా, అర్థం చెప్పమని నా చేతికిచ్చారు.

“ఏం రాసినాడమ్మా? దొంగతనం చేసినానని రాసినాడా?” అంది ఆమె.

“కాదు. నీ చేతికిచ్చిన పనిని సరిగ్గా నడపలేక చెడగొట్టినావని.”

“దానికన్నా దొంగ అన్నా మేలే కదమ్మా. దొంగకు తెలివన్నా ఉంటాది!”

అందరూ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. “మజ్జిగ అయిపాయనా లేదా? ముందు అది చెప్పు.”

“అయిపాయ.”

“దాన్నే ఇంగ్లీషులో అట్లంటారు. టీచరమ్మనే అడుగు.”

“అనరు,” అన్నాను. మాటల అర్థం దగ్గర నాకు మొహమాటం లేదు. సరుకు లేక పని చెడితే అది కొరత. సరుకు ఉండి, నిర్ణయించే అధికారం ఉండి, ఆ నిర్ణయం వల్లే పని చెడితే ఈ మాట వాడాలి. తరగతిలో దీనికి నేనిచ్చిన ఉదాహరణ ఎప్పుడూ రాజ్యాన్ని పాడుచేసిన రాజే. కోట వాకిట్లో కాపలావాణ్ణి ఒక్కసారీ చెప్పలేదు.

సరుకు ఉండిందా అని నా నోటుపుస్తకం తెరిచాను. మొదటి రోజుకు పన్నెండు కడవలు, రెండో రోజుకు ముప్పై. మొత్తం నలభై రెండు, వచ్చిన జనానికి చాలు. రోజు తప్పింది, అంతే. ఆ అంకెల కింద నా దస్తూరీలోనే ఇంకో వరుస ఉంది: ‘ఈసారి ఒక రోజు ముందే వస్తున్నారని ఎదురింటామె చెప్పింది. పాత లెక్క ప్రకారమే చేయమన్నాను.’ ఆదోని దగ్గర భక్తులను చూసి ఆమె అన్న ఫోన్ చేశాడు. నేను పదకొండేళ్ల లెక్క చూపించి ఆమె నోరు మూయించాను.

ఆ వరుస పైకే చదివాను.

“పోనీలేమ్మా, నీ పేరెందుకు, చించేద్దాం,” అన్నాడు పెద్దాయన.

“చించొద్దు. మాట సరైందే. మనిషే తప్పు.”

ఆమె పేరు కొట్టేసి నా పేరు రాసి, తేదీ వేశాను. రోజు చెప్పే పని కూడా ఆమెకే అప్పగించాను. లెక్క రాయడం మాత్రం నేను వదులుకోలేదు.

ఈ ఏడు ఆమె మా గడపలో నిలబడి, “నీ పుస్తకం ఏమంటాండాదమ్మా?” అంది ఎకసెక్కంగా.

“మీ అన్న ఏమంటాండాడో అది చెప్పు.”

“బుధవారమంట. ముప్పై కడవలకు చెప్పొచ్చినా.”

బుధవారం, ముప్పై అని రాసుకున్నాను. ఆ బుధవారం సాయంత్రానికి ఒకటిన్నర కడవ మిగిలింది. అదీ రాశాను.